‘ఇంకొంచెం వెనక్కి’ అనకండి!

పిల్లల్ని కొండలకీ సముద్రానికీ పంపాలా వద్దా అని తర్జనభర్జన పడతాం. ఏం నేర్పి పంపుతున్నామన్నది మాత్రం ఆలోచించం.

మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫస్టియర్ పూర్తిచేసుకుని సెలవులకు ఇంటికొచ్చింది. వచ్చిన రోజు రాత్రి భోజనాలయ్యాక ‘‘అమ్మా, మా ఫస్టియర్ చూద్దువుగాని రా’’ అంటూ ఫోన్ నా చేతికిచ్చింది. హాస్టల్ గది, మెస్‌లో మాడిన చపాతీ, తెల్లవారుజామున రుషికొండ, ఫ్రెషర్స్ డే చీరలు, వానలో తడిసిన బూట్లు, అరకు రైలు కిటికీ... ఎంత జరిపినా అయిపోవే! లెక్క చూస్తే నాలుగు వేల పైచిలుకు ఫొటోలు.

‘‘నీ ఫస్టియర్‌వి లేవా?’’ అని అడిగింది. ఉన్నాయి. బీరువా పై అరలోంచి పాత ఆల్బమ్ దింపాను. 1998లో నేను విశాఖపట్నంలో ఎంబీబీఎస్‌లో చేరాను. అప్పుడు మా మామయ్య తన యాషికా కెమెరా ఇచ్చి ‘‘జాగ్రత్తమ్మా, పాడుచేయకు’’ అన్నాడు. ఆ ఏడాది మొత్తానికి మూడు రీళ్లు వాడాను. ఒక్కో రీలుకు 36 బొమ్మలు. కడిగిస్తే 108లో 97 వచ్చాయి. బొర్రా గుహల్లో తీసినవి ఆరింటికి ఆరూ నల్లగా మాడిపోయాయి.

ఆ రాత్రి తల్లీకూతుళ్లిద్దరం రెండు ఫస్టియర్లనూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. చూస్తూ చూస్తూ ఒక ఫొటో దగ్గర నేను ఆగిపోయాను. దాని సంగతి మా నాన్నగారికి చివరిదాకా చెప్పలేదు. మా అమ్మాయికి కూడా ఆ రాత్రే మొదటిసారి చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతాను. ఎందుకంటే కాలేజీలు తెరిచే రోజులివి. ఈ పేజీ చదువుతున్న చాలా ఇళ్లలో ఒక బ్యాగు సర్దుతుంటారు.

నాలుగ్గోడల నుంచి ఒక్కసారిగా...

మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలోనే. తెల్లవారుజామున నాలుగున్నరకు బెల్లు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. ఎండ మొహం చూడటమంటే హాస్టల్‌కీ క్లాసుకీ మధ్య ఉన్న యాభై అడుగుల దూరమే. పాతికేళ్లు దాటినా మన ఇంటర్ చదువు తీరు పెద్దగా మారలేదు. గోడలు మాత్రం ఇంకాస్త ఎత్తయ్యాయి.

అలాంటి చోటు నుంచి విశాఖ వెళ్లేసరికి ఎటు చూసినా కొండ, ఎటు చూసినా సముద్రం. మొదటి ఆదివారం హాస్టల్ అమ్మాయిలందరం సింహాచలం మెట్లెక్కాం. సగం కూడా ఎక్కకముందే నాకు ఆయాసం వచ్చి కూలబడ్డాను. అరవై ఏళ్ల మామ్మగారొకావిడ నన్ను దాటుకుంటూ ‘‘లెగమ్మా, కుర్రదానివి’’ అంటూ చేయందించింది. పదిహేడేళ్లకు నా ఒంటి పరిస్థితి అది! ఎంసెట్ ర్యాంకు కోసం ఒళ్లు తాకట్టు పెట్టామని అప్పుడు అర్థమైంది.

మొదటి రెండు మూడు నెలలు ఇంటి మీద బెంగ. అనాటమీ హాలు వాసనకు అన్నం సయించేది కాదు. వారానికోసారి ఎస్టీడీ బూత్ దగ్గర లైన్లో నిలబడి, మీటరు చూసుకుంటూ అమ్మతో మాట్లాడటం, గదికొచ్చి ఏడవటం. ఆ బెంగ నుంచి నన్ను లాక్కొచ్చింది ఆ కెమెరాయే అంటే అతిశయోక్తి కాదు. రీలులో ఇంకా ఇరవై బొమ్మలున్నాయి కదా, తీయాలంటే బయటికి వెళ్లాలి. తెల్లవారుజామున సూర్యోదయం కావాలంటే ఐదింటికి లేవాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ పూర్తిగా రావాలంటే బీచ్ రోడ్డులో రెండు కిలోమీటర్లు నడవాలి. ఒంటరిగా పంపరు కాబట్టి పక్కన ఇంకో ముగ్గురు ఉండాలి. ఉదయపు వెలుగు, నడక, నలుగురు మనుషులు... దిగులుగా ఉన్న పిల్లలకు ఇప్పుడు నేను ఓపీలో చెప్పే సలహాల్లో ఇవి మూడూ ఉంటాయి. అప్పుడు నాకు తెలియకుండానే వాటిని పాటించానన్నమాట.

అరకు వెళ్లిన రోజు నాకు బాగా గుర్తు. పొద్దున్నే కిరండూల్ ప్యాసింజర్ ఎక్కాం. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ అంతా ఒకటే కేకలు. 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ స్టేషన్లో దిగి చలికి వణుకుతూ టీ తాగాం. లోయంతా పసుపు ఆరబోసినట్టు వలిసె పూలు. అక్కడ నేను తీసింది నాలుగే ఫొటోలు. కానీ ఆ పూల మధ్య నిలబడి ఎంతసేపు చూశానో, ఏ పక్క నుంచి గాలి వచ్చిందో ఇప్పటికీ చెప్పగలను. ఫిల్మ్ ఖరీదు కాబట్టి, నొక్కే ముందు ఎక్కువసేపు చూసేవాళ్లం.

ఆ మరుసటి ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ చేశాం. కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. కాళ్లు బొబ్బలెక్కాయి గానీ ఆయాసం రాలేదు. ఏ జిమ్మూ లేకుండా, ఏ మందూ లేకుండా ఒక్క ఏడాదిలో వచ్చిన మార్పది. కాబట్టి పిల్లలు బయటికి వెళ్లడం, ఫొటోలు తీసుకోవడం వృథా వ్యవహారమని నేను ఏనాడూ అనుకోలేదు. అనుకోను కూడా.

ఆ ఒక్క ఫొటో

ఇక నేను ఆగిపోయిన ఆ ఫొటో సంగతి. పరీక్షలకు ముందు ఒక ఆదివారం సాయంత్రం బ్యాచ్‌లో తొమ్మిది మందిమి సముద్రం దగ్గరికి వెళ్లాం. రీలులో ఆఖరి రెండు బొమ్మలు మిగిలాయి. అందరినీ నీళ్లలో వరుసగా నిలబెట్టాను. చివరనున్న ఇద్దరు ఫ్రేములోకి రావడం లేదు. ‘‘ఇంకొంచెం వెనక్కి... ఇంకొంచెం’’ అన్నాను. నా మాట విని ఎనిమిది మందీ సముద్రానికి వీపు పెట్టి వెనక్కి నడిచారు. క్లిక్‌మనిపించాను. ఆ ఫొటోలో అందరూ నవ్వుతున్నారు. వెనకాల లేస్తున్న అల కూడా కనబడుతుంది. అప్పుడు మాత్రం నాకు కనబడలేదు.

ఆ అల వాళ్ల మోకాళ్లను కొట్టింది. ఏడుగురు తడబడి లేచారు. ఒకడు లేవలేదు. వెనక్కి వెళ్లే నీరు కాళ్లకింది ఇసుకతో సహా లాక్కుపోయింది. రెండుసార్లు తల కనబడింది, ఆ తర్వాత కనబడలేదు. అరుస్తాడనుకున్నాం. మునిగేవాడు అరవడని అప్పుడు తెలియదు. నోరు నీటిపైకి రావడమే కష్టమైనప్పుడు అరుపెక్కడిది?

దగ్గర్లో వల బాగుచేసుకుంటున్న ఇద్దరు జాలరులు దూకి, జుట్టు పట్టుకుని బయటికి లాగారు. వాడు దగ్గుతున్నాడు, అంటే ఊపిరి ఉంది. చుట్టూ ఎనిమిది మంది మెడికోలం. మనిషి చేతిలో ఎన్ని ఎముకలో, ఏ నరం ఎటు వెళుతుందో గడగడా చెప్పగలం. నీళ్లు మింగినవాడికి ఏం చేయాలో మాత్రం ఒక్కరికీ తెలియదు! ఎవరో పొట్ట మీద నొక్కారు. అది చేయకూడని పని. వాడి అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. ఆ జాలరుల్లో పెద్దాయన నా చేతిలో కెమెరా చూసి, ‘‘సదువుకున్నోలు గదమ్మా... బొమ్మ కోసం పేణాలు తీసుకుంటారేటి?’’ అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు.

ఆ స్నేహితుడు ఇప్పుడు పిల్లల డాక్టరు. మేం కలిసినప్పుడల్లా దాన్ని నవ్వులాటగానే మాట్లాడతాడు. నేను నవ్వలేను. ఎందుకంటే ఆ తర్వాత ఇన్నేళ్ల ఉద్యోగంలో, బయటికి లాగే జాలరి దొరకని పిల్లల్ని కూడా చూశాను.

క్యాజువాలిటీలో మోగిన ఫోన్

కొన్నేళ్ల క్రితం, వానాకాలంలో ఒక ఆదివారం నేను డ్యూటీలో ఉన్నాను. జలపాతం దగ్గర జారిపడ్డాడంటూ ఒక కుర్రాణ్ని ఆటోలో తీసుకొచ్చారు. కాలేజీలో చేరి మూడు నెలలైందట. మేం చేయాల్సిందంతా చేశాం. ఫలితం లేకపోయింది. స్నేహితుడి చేతిలో ఆ అబ్బాయి ఫోన్ మోగుతోంది. తెర మీద ‘అమ్మ’ అని. ఎవరూ ఎత్తలేకపోయారు. చివరికి నేనే ఎత్తాను. ‘‘ఏరా, అన్నం తిన్నావా?’’ అందావిడ. కొడుకు హాస్టల్లో చదువుకుంటున్నాడనే ఆవిడకు తెలుసు. జలపాతానికి వెళ్లినట్టు ఇంట్లో చెప్పలేదు. చెబితే వద్దంటారని.

ఇలాంటివి ఒకటీ అరా అనుకోవద్దు. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలు చెబుతున్నాయి. 2011 నుంచి 2017 వరకు సెల్ఫీలు తీసుకుంటూ ప్రపంచవ్యాప్తంగా 259 మంది చనిపోయినట్టు మన దేశ పరిశోధకులే పత్రికా వార్తల ఆధారంగా లెక్కతేల్చి 2018లో ప్రచురించారు. అందులో అందరికంటే ముందున్నది మన దేశమే. మరణాలకు మొదటి కారణం నీట మునగడం. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది 30 ఏళ్లలోపు వాళ్లు. ఇవి వార్తల్లోకి ఎక్కినవి మాత్రమే.

2014 జూన్ 8 తెలుగువాళ్లెవరూ మరచిపోలేరు. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది మధ్య రాళ్లమీద ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది, ఎగువన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీటిలో కొట్టుకుపోయారు. వాళ్లు తాగి లేరు, అల్లరి చేయలేదు. కాలేజీ యాత్రలోనే ఉన్నారు. వాళ్లు దిగినప్పుడు నది నెమ్మదిగానే ఉంది. నిమిషాల్లో పెరిగింది. పైన డ్యామ్ ఉన్న నదిలో ఎండ కాస్తున్నా వరద రావచ్చన్న సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పారు? అప్పుడు చెప్పలేదు సరే, పదేళ్లు దాటాక ఇప్పుడైనా చెబుతున్నామా?

అలాగని కట్టేస్తే...

ఈ మాటలు చదివి ‘అందుకే మావాణ్ని ఎక్కడికీ పంపం’ అనుకునే తల్లిదండ్రులుంటారు. వాళ్లతో నాకు పేచీ ఉంది. జలపాతం దగ్గర చనిపోయిన ఆ అబ్బాయి ఇంట్లోనూ వెళ్లొద్దనే చెప్పారు. వద్దనడం వల్ల ప్రయాణం ఆగలేదు, ఇంటికి సమాచారం ఆగింది. ఎక్కడున్నాడో, ఎవరితో ఉన్నాడో ఇంట్లో తెలియని పిల్లవాడు ఎప్పుడూ ఎక్కువ ప్రమాదంలో ఉన్నట్టే.

పైగా గదిలో ఉంచితే క్షేమమనుకోవడం కూడా భ్రమ. నా ఓపీకి వచ్చే పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లల్ని చూడండి. ఒళ్లు నొప్పులు, నీరసం అంటూ వస్తారు. పరీక్ష చేస్తే విటమిన్ డి అడుగున ఉంటుంది. రాత్రి రెండింటి దాకా ఫోను, పొద్దున తలనొప్పి. ఇరవై ఏళ్లకే రక్తపోటు, కాలేయంలో కొవ్వు. ఆరుబయట ఎక్కువ సమయం గడిపే పిల్లలకు దగ్గరచూపు సమస్య మొదలయ్యే అవకాశం తగ్గుతుందని ఆసియా దేశాల అధ్యయనాలు రుజువు చేశాయి. మనం మాత్రం పదేళ్లప్పుడు ఆటలు మాన్పించి, పదిహేడేళ్లకు కళ్లద్దాలు కొనిస్తాం. ఇక మనసు సంగతి సరేసరి. ఇల్లు వదిలిన మొదటి ఏడాది చాలామంది పిల్లలకు కష్టంగానే గడుస్తుంది. ర్యాంకులు తెచ్చుకున్నవాళ్లకు అక్కడ మొదటిసారి తక్కువ మార్కులొస్తాయి, చెప్పుకోవడానికి మనిషి ఉండడు. అలాంటప్పుడు నలుగురితో కలిసి ఒక కొండెక్కడం చిన్న విషయం కాదు. అయినా దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే, నిద్ర, తిండి దెబ్బతింటే కొండలు, ఫొటోలతో సరిపెట్టకండి. డాక్టర్‌కు చూపించండి. ఉచితంగా మాట్లాడటానికి టెలీ మానస్ 14416 నంబరు ఉంది.

ఇంకోమాట. అబ్బాయి అడిగితే ‘సరే, జాగ్రత్త’, అమ్మాయి అడిగితే ‘పెళ్లయ్యాక మీ ఆయనతో వెళ్దువుగానిలే’ అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అమ్మాయికీ ఎండ కావాలి, నడక కావాలి, స్నేహితులు కావాలి. మునిగే ప్రమాదం ఇద్దరికీ ఒకటే, ఈత ఇద్దరికీ అవసరమే.

ఒక బేరం

నేను ఆదర్శంగా ఉన్నానని చెప్పుకోను. గత చలికాలంలో మా అమ్మాయి ఫోన్ చేసి, ‘‘అమ్మా, పాడేరు దగ్గర వంజంగికి వెళ్తున్నాం. మేఘాల మీద సూర్యోదయం చూడాలి. రాత్రి పదకొండింటికి బైకుల మీద బయల్దేరతాం’’ అంది. ‘‘కుదరదు’’ అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక మా నాన్నగారి ఉత్తరం గుర్తొచ్చింది. ఇన్‌ల్యాండ్ లెటర్‌లో సగం పేజీ నిండా ‘సముద్రం దగ్గరికి వెళ్లవద్దు’ అనే. నేను వెళ్లాను, చెప్పలేదు. నా కూతురు చెప్పింది. చెప్పినదానికి శిక్ష వేస్తే రెండోసారి చెబుతుందా?

పది నిమిషాల తర్వాత నేనే ఫోన్ చేశాను. ‘‘వంజంగి సరే. రాత్రిపూట ఘాట్ రోడ్డు మీద బైకులు మాత్రం వద్దమ్మలూ. నిద్రమత్తు, మంచు, మలుపులు. మీరు నడిపినా ఎదుటివాడు కూడా మెలకువగా ఉండాలి కదా?’’ అన్నాను. కాసేపు మూతి ముడుచుకుంది. చివరికి పగలు బస్సులో పాడేరు వెళ్లి, రాత్రి అక్కడే గది తీసుకుని, తెల్లవారుజామున కొండెక్కేలా ఒప్పందం కుదిరింది. ఎవరెవరు వెళుతున్నారో పేర్లు, ఇద్దరి నంబర్లు, తిరిగొచ్చే సమయం నాకు పంపాలి. అక్కడ సిగ్నల్ ఉండకపోవచ్చు కాబట్టి ఫలానా టైముకు ఫోన్ రాకపోతే కంగారు పడకూడదని నేను ఒప్పుకోవాలి. ఇద్దరం మాట నిలబెట్టుకున్నాం. నేను కాస్త కంగారు పడ్డాననుకోండి, దానికి తెలియదు.

నీళ్ల దగ్గర

పిల్లలకు చెప్పాల్సినవి ఎన్నో ఉన్నా, మొదట చెప్పాల్సింది నీటి గురించే.

సముద్రంలో అలలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి వెళ్లడానికి అక్కడక్కడా సన్నటి దారులు చేసుకుంటుంది. అవే రిప్ కరెంట్లు. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీరు నెమ్మదిగా, అలలు లేకుండా కనబడుతుంది. ‘ఇక్కడ బాగుంది’ అని సరిగ్గా అక్కడే దిగుతారు. చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు. గజ ఈతగాళ్లు కూడా అలసిపోతారు. తేలుతూ చేయెత్తి ఊపాలి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా కొంతదూరం పక్కకు ఈది, ఆ తర్వాత ఒడ్డుకు రావాలి. సముద్రానికి ఎప్పుడూ వీపు పెట్టకూడదు.

జలపాతాల దగ్గర పాచి పట్టిన రాళ్లు, అడుగున కనబడని గుంతలు ఉంటాయి. ఎగువన వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా నీరు పెరుగుతుంది. నీటి రంగు మట్టిగా మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా అన్నీ వదిలేసి గట్టెక్కాలి. చెప్పుల కోసం, ఫోన్ కోసం వెనక్కి వెళ్లకూడదు. మద్యం తాగి నీళ్లలో దిగడం ఆత్మహత్యతో సమానం.

ఒకరు మునుగుతుంటే ఈత రానివాళ్లు దూకొద్దు. ఒకరి కోసం ఇద్దరు ముగ్గురు పోయిన కుటుంబాలు మనకు తెలుసు. చున్నీలు ముడివేసి విసరండి, కర్ర అందించండి, మూత బిగించిన ఖాళీ క్యాన్లు విసరండి. బయటికి తీశాక తలకిందులు చేయడం, పొట్ట నొక్కడం, గిరగిరా తిప్పడం వద్దు. ఊపిరి ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే ముక్కు మూసి, ముందు నోట్లోకి గాలి ఊదాలి. ఆ తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదుతూ 108 వచ్చేదాకా కొనసాగించాలి. కోలుకున్నట్టు కనబడినా ఆసుపత్రికి తీసుకురావాల్సిందే. ఊపిరితిత్తుల ఇబ్బంది కొన్ని గంటల తర్వాత కూడా పెరగొచ్చు.

కొండల మీద, తిరిగొచ్చాక

చలికాలంలో అరకు, లంబసింగి వైపు వెళ్లి, గుడారంలోనో గదిలోనో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులు మూసి పడుకోవడం చాలా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా రంగూ ఉండవు. నిద్రలోనే ప్రాణం పోతుంది. కొండ కొమ్ముల్లో, పాత కోటల్లో పెద్ద తేనెపట్లు ఉంటాయి. దగ్గర్లో పొగ పెట్టొద్దు, రాళ్లు వేయొద్దు. పాము కాటేస్తే కట్లు బిగించడం, కోయడం, నాటుమందు అంటూ కాలయాపన చేయడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి విషవిరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ మందు ఉచితం. ఆస్తమా ఉన్నవాళ్లు ఇన్‌హేలర్, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు దాంతోపాటు గ్లూకోజ్ లేదా చాక్లెట్లు తమ జేబులోనే ఉంచుకోవాలి. వాళ్ల జబ్బు సంగతి పక్కనున్న ఒక్కరికైనా తెలిసి ఉండాలి.

తిరిగొచ్చాక జ్వరమొస్తే ‘మన్యం వెళ్లొచ్చాను’ అని డాక్టర్‌కు చెప్పడం మరచిపోవద్దు. దోమ కుట్టిన వారం, రెండు వారాలకు గానీ మలేరియా బయటపడదు. ఆలోపు ట్రిప్ సంగతి అందరూ మరచిపోతారు. పొదల్లో తిరిగినప్పుడు నల్లి జాతి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ వస్తుంది. చంకల్లోనో నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి పిల్లలు చెప్పరు. సకాలంలో గుర్తిస్తే సాధారణ డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఐసీయూ దాకా వెళుతుంది. ‘ఈ నెలలో ఎక్కడికైనా వెళ్లావా?’ అన్న ఒక్క ప్రశ్నతో జబ్బు దొరికిన సందర్భాలు నా ఓపీలో చాలానే ఉన్నాయి.

కాలేజీలకు, ప్రభుత్వానికి

మెడికల్ కాలేజీల్లో 2019 నుంచి ఫస్టియర్‌లో ఫౌండేషన్ కోర్సు పెట్టి ప్రథమ చికిత్స నేర్పుతున్నారు. మా తరానికి లేని అదృష్టమది. ఇంజినీరింగ్ కాలేజీల్లో కూడా చేరిన కొత్తలో ఇండక్షన్ ప్రోగ్రాం ఉంటుంది. అతిథుల ఉపన్యాసాలతో గడిపే ఆ రోజుల్లో ఒక్క పూట బొమ్మ మీద ఛాతీ నొక్కడం నేర్పించవచ్చు. దగ్గర్లోని ఈతకొలనుకు తీసుకెళ్లవచ్చు. చుట్టుపక్కల ఏ వాగు ప్రమాదకరమో, ఏ బీచ్‌లో ఎక్కడ దిగకూడదో స్థానిక జాలరులను, పోలీసులను పిలిపించి చెప్పించవచ్చు. జులై 25ను ఐక్యరాజ్యసమితి 2021లో నీట మునక నివారణ దినంగా ప్రకటించింది. కొత్త విద్యా సంవత్సరం మొదలయ్యే సమయమే కాబట్టి ఆ రోజును ఇందుకు వాడుకోవచ్చు.

పర్యాటక ప్రాంతమని ప్రచారం చేసే ప్రతి జలపాతం దగ్గరా వానాకాలం సెలవు రోజుల్లోనైనా ఇద్దరు ఈతగాళ్లు, ఒక తాడు, కొన్ని రబ్బరు ట్యూబులు ఉంచడం ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. ‘ఇక్కడ ఇంతమంది చనిపోయారు’ అని రాసి ఉన్న తుప్పు పట్టిన బోర్డు కాపాడదు. తాడు పట్టుకున్న మనిషి కాపాడతాడు. మా స్నేహితుణ్ని కాపాడింది అలాంటి మనుషులే.

ఫొటో తీసేవాళ్లే కాపలా

చివరగా ఫస్టియర్ పిల్లలకు ఒక మాట. ఫొటోలు తీసుకోండి. తప్పకుండా తీసుకోండి. ఇరవై ఏళ్లు పోయాక అవి మీకెంత విలువైనవో నాకు తెలుసు. అయితే నాలుగు వేలు తీసినా, ముందు కాసేపు ఊరికే నిలబడి చూడండి. మొదటి ఐదు నిమిషాలు ఫోన్ జేబులోనే ఉంచండి. ఆ ఐదు నిమిషాల్లో పాచి ఎక్కడుందో, అంచు ఎక్కడుందో, అల ఎంతదూరం వస్తోందో కూడా కంటపడుతుంది.

ఫొటోలో నవ్వేవాళ్లకు వెనకాల ఏముందో కనబడదు. చూడగలిగేది తీసేవాళ్లొక్కరే. కాబట్టి కెమెరా పట్టుకున్నవాళ్లే ఆ కాసేపు కాపలాదారు. ఫ్రేములోకి అందరూ రాకపోతే వెనక్కి జరగాల్సింది మీరు, అదీ మీ వెనకాల ఏముందో తిరిగి చూసుకున్నాక. ఎదుటివాళ్లను మాత్రం ఎప్పుడూ వెనక్కి జరగమనకండి. ఒకరో ఇద్దరో రాకపోతే పోనీయండి, రెండు ఫొటోలు తీయండి.

ఆ రాత్రి ఇదంతా విన్నాక మా అమ్మాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన వంజంగి ఫొటోలు తీసి, ఒక్కొక్కటే పెద్దది చేసి చూడటం మొదలుపెట్టింది. మేఘాలను కాదు, స్నేహితుల కాళ్లు ఎక్కడున్నాయో చూస్తోంది. మూడో ఫొటో దగ్గర ఆగి, ‘‘ఇది... నేనే ఇంకొంచెం వెనక్కి అన్నానమ్మా’’ అంది.

నేను ఆ ఫొటో చూశాను. వాళ్లు నిలబడ్డ చోటికీ అంచుకీ మధ్య రెండడుగులుంది.

– వ్యాసకర్త ఎంబీబీఎస్, ఎండీ (జనరల్ మెడిసిన్), ప్రభుత్వ ఆసుపత్రిలో ఫిజీషియన్